జుబైల్లో బాపమ్మ కత్తి చేపలు

మొన్న ఆదివారం చేపల అంగడికి వెళ్ళాను. బొచ్చెలు, రవ్వలు పేర్చిన పెద్ద పళ్ళెం పక్కన, ఐసు ముక్కల మీద, ఎవరూ పట్టించుకోని చేప ఒకటి పడి ఉంది. జానెడు పొడవు. ఎవరో రెండు అరచేతుల మధ్య అదిమినట్టు పలచగా ఉంది. వీపు మీద గూని. ఆ గూని దగ్గర్నుంచి తోక దాకా సన్నబడుతూ పోయిన ఒళ్ళు. పొట్ట కింద, తల దగ్గర మొదలై తోక కొస వరకూ ఎక్కడా తెగకుండా సాగిన ఒకే ఒక్క రెక్క. ఎంత అని అడిగితే అమ్మే ఆమె నవ్వింది.

"అది వలల తప్పిపోయి వచ్చింది మేడం. అన్నీ ముండ్లే. ఇంట్ల పిల్లి ఉంటే ఊకెనే తీస్కపో."

మా ఇంట్లో పిల్లి లేదు. అయినా తీసుకున్నాను. దారి పొడుగునా, గొంతులో ఎడమ పక్క ఎప్పుడో మానిపోయిన చోట, ఏదో గుచ్చుకుంటున్నట్టే అనిపించింది.

నేను పుట్టింది ఇక్కడే అయినా పెరిగింది సౌదీలో, జుబైల్లో. నాన్న ఒక ప్లాంటులో ఇంజనీరు. మా కిటికీలోంచి చూస్తే ఊరి చివర పొగగొట్టం మీద పగలూ రాత్రీ మంట మండుతూ ఉండేది. గాలి అటునుంచి తిరిగిన రోజున కుళ్ళిన గుడ్ల వాసన వచ్చేది. మేం దాన్ని వాసన అనుకోలేదు, ఊరి గాలే అంత అనుకున్నాం. మా బిల్డింగులో ఏడు తెలుగు కుటుంబాలుండేవి. శుక్రవారం వస్తే ఒకరింటి పులిహోర ఇంకొకరింటి బిరియానీకి బదులు వెళ్ళేది. పిల్లలం మెట్ల మీద పరుగులు. నాకప్పుడు పన్నెండో పదమూడో.

ఆ ఏడాది ఎండలు ముదరక ముందు మా బాపమ్మ, నాన్న వాళ్ళ అమ్మ, విజిట్ వీసా మీద వచ్చింది. నేత చీర మీద నల్లటి అబాయా తొడుక్కుని, దాన్ని పొలంలో దిగినప్పుడు చీర ఎత్తి దోపుకున్నట్టు నడుముకు దోపుకుని, విమానాశ్రయం బయట నిలబడింది. దగ్గరికి తీసుకుంటే పొగాకు వాసన, ఎండిన చేపల వాసన.

మొదటి రోజే కిటికీ దగ్గర నిలబడి అడిగింది.

"గా మంట ఎవరిదే?"

"ప్లాంటుది బాపమ్మా."

"ఎవ్వలు ఆర్పరా?"

"ఆర్పితే పని ఆగిపోతుందట."

"ఏం పనో," అని నోరు చప్పరించింది.

బాపమ్మ ఎన్నో ఏళ్ళు గంప నెత్తిన పెట్టుకుని గోదావరి ఒడ్డు ఊళ్ళల్లో చేపలమ్మింది. ఆ చేపల మీదే నాన్న ఇంజనీరింగ్ చదివాడు. ఈ సంగతి మా బిల్డింగులో ఎవరికీ తెలియదు. ఎవరైనా అడిగితే నాన్న "వ్యవసాయం" అనేవాడు. బాపమ్మ వచ్చిన వారానికే, భోజనాల దగ్గర, ఎదురింటి ఆంటీ మర్యాదగా అడిగింది. ఆమెది కాకినాడ వైపు.

"మీకు పొలాలెంత ఉన్నాయండీ పెద్దమ్మగారూ?"

"పొలమెక్కడిది బిడ్డా. చాపలు వట్టేటోళ్ళం, అమ్మేటోళ్ళం."

నాన్న పళ్ళెంలోకి చూస్తూ అన్నం కలుపుకున్నాడు. అప్పటికే కలిపిన అన్నాన్ని మళ్ళీ కలిపాడు.

జుబైల్ సముద్రం పక్కనే ఉంది. మార్కెట్లో తాజా చేపలకు కొదవ లేదు. నాన్న మంచి హమూర్ చేప తెచ్చి అమ్మ చేత వండించాడు. బాపమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"మంచిగనే ఉన్నది కొడుకా. గని ఉప్పు నీళ్ళ చాప. దీనికి బురద తెల్వదు."

ఆ తర్వాత మూడు వారాలు చారుతోనే తింది. చివరికి నాన్నే ఓడిపోయి, పాత బజారులో ఒక బంగాలీ దుకాణం ఉందని, అక్కడ మంచినీళ్ళ చేపలు దొరుకుతాయని మమ్మల్నందర్నీ తీసుకెళ్ళాడు. చేపలన్నీ బంగ్లాదేశ్ నుంచి ఐసు గడ్డల్లో వస్తాయి. దుకాణం లోపల ఆవనూనె వాసన, ఎండు చేపల వాసన, తడి అట్టపెట్టెల వాసన. బాపమ్మ గుమ్మంలోనే ఆగి ఊపిరి లోపలికి పీల్చింది. ఆమె మొహం అలా విప్పారడం నేను అంతకు ముందు చూడలేదు.

ఫ్రీజరులో చేతులు పెట్టి ఒక్కో గడ్డా పక్కకు జరిపింది. అడుగున, పేక ముక్కల్లా ఒకదానికొకటి అతుక్కుపోయి, ఆరేడు పలచటి చేపలు. వాటి మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది.

"గిది మన కత్తి చాప గదనే."

"యే ఫోలీ హై, అమ్మా," అన్నాడు దుకాణం బంగాలీ భాయ్. గడ్డం నెరిసిన మనిషి, మెడలో తువ్వాలు. "హమారా దేశ్ మే ఛె మాస్ పానీ, ఛె మాస్ ధాన్. ఉస్ పానీ కా మఛ్లీ."

బాపమ్మకు హిందీ రాదు. అతనికి తెలుగు రాదు. కానీ పానీ అన్న మాట ఆమెకు తెలుసు. అతను ఆరు వేళ్ళు చూపించి, చేత్తో నేల మీద నీళ్ళు పరుచుకున్నట్టు చూపితే, ఆరు నెలలు నీళ్ళు, ఆరు నెలలు వరి అని అర్థమైపోయింది.

"మాకాడ గూడ గంతే తమ్మీ. గంగ వస్తే నీళ్ళు, పోతే వరి."

మా వైపు గోదావరిని గంగ అంటారు. ఆ మాట వినే మా వెనకాల నిలబడ్డ మనిషి ముందుకొచ్చాడు. సన్నగా, ఎండకు మాడిన మొహం, చేతుల మీద వెల్డింగు రవ్వలు పడ్డ మచ్చలు.

"పెద్దమ్మా, మీది ఏ ఊరు?"

చెప్పింది. అతను రెండడుగులు వెనక్కి వేసి ఆమెను మళ్ళీ చూశాడు.

"మాది గంగకు గా దిక్కు. మా అమ్మ నీ దగ్గర్నే చాపలు తీసుకుంటుండె. సోలెడు వడ్లు పోసి, ఇంకో చాప ఎయ్యమని కొట్లాడుతుండె."

"నడుము జర వంగి నడుస్తది, గామెనా?"

"గామెనే."

"ఎయ్యకపోతే గంప ఎత్తనియ్యకపోయేది," అంది బాపమ్మ. ఇద్దరూ ఫ్రీజరు తలుపు తెరిచి ఉందన్న సంగతి మరిచిపోయి మాట్లాడుకున్నారు. ఆ రోజు నుంచి అతను నాకు కాక, బాబాయి.

ఇంటికొస్తూ కారులో, దుకాణం బయట అతను చెప్పుకున్నదంతా నాన్న అమ్మకు చెబుతుంటే కాక కథ విన్నాను. కాక పనిచేసే కంపెనీ సౌదీవాళ్ళను సరిపడా ఉద్యోగాల్లో పెట్టుకోలేదు. అలాంటి కంపెనీలను ప్రభుత్వం ఎరుపు జాబితాలో పెడుతుంది. ఎరుపులో పడ్డాక పనివాళ్ళ ఇకామాలు, అంటే అక్కడ ఉండడానికిచ్చే కార్డులు, రెన్యూ కావు. ఇకామా లేకపోతే ఉండడానికి లేదు, పనికి పిలిపించుకున్న కఫీల్ సంతకం లేకపోతే వెళ్ళడానికీ లేదు. ఆ కఫీల్ ఏడాదిగా ఫోనే ఎత్తడం లేదు. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది. కాక వచ్చి ఆరేళ్ళయింది. వచ్చిన నాలుగో నెలలో ఊళ్ళో కూతురు పుట్టింది. ఆ పిల్లను ఫోన్లో తప్ప చూడలేదు.

"మంచివాడే. కానీ జాగ్రత్తగా ఉండాలి," అన్నాడు నాన్న.

ఆ మాట బాపమ్మకు వినపడలేదో, వినపడనట్టు ఉందో. శుక్రవారం శుక్రవారం కాక రావడం మొదలుపెట్టాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి బాగుచేసేవాడు. కారే కుళాయి, ఊగే మంచం కోడు, నా సైకిల్ గంట. నాన్నను సార్ అనేవాడు. నాన్న వద్దనలేదు.

కత్తి చేప కడగడానికి రాయి కావాలంది బాపమ్మ. పొలుసులు చిన్నవి, గరుకు రాయి మీద రుద్దితేనే పోతాయట. మా ఇంట్లో ఉన్నవన్నీ నున్నటి టైల్సు. సాయంత్రం ఇద్దరం నడకకు వెళ్ళాం. మున్సిపాలిటీ వాళ్ళు తవ్వి వదిలేసిన ఫుట్‌పాత్ దగ్గర ఇటుకలు గుట్టగా ఉన్నాయి. బాపమ్మ అటూ ఇటూ చూసి ఒకటి తీసి అబాయాలో దాచింది. దాన్ని మోస్తూ మెట్లెక్కుతుంటే ఎదురింటి ఆంటీ ఎదురొచ్చింది.

"ఏంటండీ పెద్దమ్మగారూ, నడుం పట్టేసిందా? అలా వంగిపోయారు?"

"ముసల్దాన్నైతి బిడ్డా," అని బాపమ్మ బరువుగా నిట్టూర్చింది. నేను పై మెట్టు దాకా నవ్వు ఆపుకోలేక చచ్చాను.

ముల్లు తీసే కిటుకు మాత్రం బంగాలీ భాయ్ నేర్పాడు. చేపను చపాతీ కర్రతో మెల్లగా కొట్టాలి. మెడ దగ్గర కోసి, తోక వైపు నుంచి పిండుకుంటూ వస్తే తోలు తిత్తిలా మిగిలి, మాంసం అంతా బయటికొస్తుంది. చెంచాతో గీరి ముళ్ళు ఏరి, ఉల్లిగడ్డ, అల్లం, పచ్చిమిరపకాయ కలిపి మళ్ళీ తోల్లోకి కూరి వేయించాలి. అది పిల్లలకు. పెద్దవాళ్ళకు మాత్రం ముళ్ళతోనే, చింతపండు, ఎల్లిగడ్డ, మెంతిపొడి వేసి బాపమ్మ పులుసు పెట్టేది. ఆ వాసనకు అమ్మ మొదట్లో కిటికీలన్నీ తెరిచేది. నాలుగో శుక్రవారానికి తెరవడం మానేసి, తనే గిన్నె అడుగు నాకేది.

వేయిస్తున్నప్పుడు బాపమ్మ కథ చెప్పేది. కాక గడప దగ్గర కూర్చుని ఎల్లిగడ్డ పొట్టు తీసేవాడు.

"మన ఊరి కింద వాగు గంగల కలుస్తది. వానకాలం గంగ నిండుగ వస్తే వాగును లోపటికి రానియ్యదు, ఎదురు తన్నుతది. గప్పుడు వాగు ఎనుకకు మర్లి, ఒడ్డు దాటి బీళ్ళల్ల పరుసుకుంటది. తుంగ మునుగుతది, తుమ్మ చెట్లు నడుములదాక మునుగుతయి. గా నీళ్ళు ఉరకయి. సల్లగ నిలవడి ఉంటయి. గా నీళ్ళల్లకు వస్తది కత్తి చాప."

"ఎందుకు?"

"గుడ్లు వెట్టనీకి. ఉరికే నీళ్ళల్ల గుడ్లు నిలవయి గద. మునిగిన తుంగకో, తుమ్మ మొద్దుకో అంటిస్తది. అంటిచ్చి ఆడది వోతది. మొగది కావలుంటది. కింది రెక్క ఊపుకుంట గుడ్ల మీద నీళ్ళు మర్లిస్తనే ఉంటది. ఏదన్న దగ్గరికొస్తే తరుముతది."

"ఎన్ని రోజులు?"

"పిల్లలైనదాక."

"మరి అప్పటిదాకా ఏం తింటుంది?"

"నేనేమన్న అడిగిన్నానే దాన్ని?"

గుడ్ల మీదున్న చేపను పట్టకూడదని వాళ్ళ అత్త కట్టడి చేసేదట. నీళ్ళు తగ్గి, బీడులో మడుగులు మిగిలాక పట్టుకోవాలి. ఆ మడుగుల్లో పొద్దుగూకేవేళ కత్తి చేపలు పైకొచ్చి బుడుక్కున గాలి మింగి పోతాయట. ఆ చప్పుడును బట్టి ఎన్ని ఉన్నాయో చెప్పేదట బాపమ్మ. ఇంకా ఒక సంగతి చెప్పింది. ఆ చేప ముందుకు ఎంత వేగంగా పోతుందో, తల తిప్పకుండానే వెనక్కీ అంతే వేగంగా పోతుందట. నేను వారం రోజులు బిల్డింగు వసారాలో వెనక్కి నడిచాను, ఎదురింటి ఆంటీ చేతిలో పాలగిన్నెను గుద్దేదాకా.

కాక మాత్రం ఒకసారి, పొట్టు తీయడం ఆపి అడిగాడు.

"పిల్లలైనంక పోతదా పెద్దమ్మా, గా మొగది?"

"పోదా మరి. దాని కడుపు దానికుంటది గద."

"అవ్," అని మళ్ళీ ఎల్లిగడ్డ అందుకున్నాడు.

ఆ ఎండాకాలంలోనే రెండు వార్తలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒకటి, ఇకామా లేనివాళ్ళ కోసం తనిఖీలు పెరిగాయి. గడువులోగా తమంతట తాము వెళ్ళిపోయేవాళ్ళకు జరిమానా, జైలు లేకుండా క్షమాభిక్ష అన్నారు. రెండోది మా మీదికొచ్చింది. ఇక నుంచి కుటుంబంతో ఉండేవాళ్ళు భార్యకు, పిల్లలకు తలకింత అని నెలనెలా ప్రభుత్వానికి రుసుము కట్టాలి. ఏటేటా అది పెరుగుతుంది.

బిల్డింగులో శుక్రవారం మాటలు మారిపోయాయి. వంటల గురించి కాకుండా కార్టన్లు, కార్గో, టీసీల గురించి మాట్లాడుకునేవాళ్ళు. బాపమ్మకు ఇది ఎంతకీ మింగుడుపడలేదు.

"పెండ్లం పిల్లలతోని ఉన్నందుకు పన్నా?"

"అవునమ్మా."

"మరి నాకు?"

"నీది విజిట్ వీసా. నీకు లేదు."

"అంటె ఇంటిల్లపాదిల నేనొక్కదాన్నే ముఫ్తుల ఉన్ననన్నట్టు," అంది. నాన్న చాలా రోజుల తర్వాత నవ్వాడు.

కానీ ఆ వారమే నాన్న కాకను కిందికి తీసుకెళ్ళి మాట్లాడాడు. నేను మెట్ల మీద నుంచి విన్నాను.

"తప్పుగా అనుకోవద్దు. ఈ నెలంతా మా ఇంటికి రాకు. ఇకామా లేని మనిషి ఇంట్లో ఉంటే మాకూ కేసవుతుంది. పిల్లలున్నవాణ్ణి."

"నాకెరుకే సార్. మీరు చెప్పకముందే అనుకున్న," అన్నాడు కాక. బాగుచేస్తానని తీసుకెళ్ళిన మా మిక్సీని ఆ రోజే తెచ్చిచ్చాడు.

క్షమాభిక్షకు ఎందుకు వెళ్ళవని బాపమ్మ ఫోన్లో అడిగితే, పాస్‌పోర్టు లేదని, ఆఫీసుకు పోతే అక్కడే పట్టుకుంటారని రూములో అందరూ చెబుతున్నారని అన్నాడు. చదువుకున్న మనిషి ఎవరైనా వెంట ఉంటే పోవచ్చు అని ఆగిపోయాడు. నాన్నను అడగమని మాత్రం అనలేదు.

తర్వాతి శుక్రవారం నాన్నకు డ్యూటీ పడింది. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ రోజులవి. పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే రావడం. లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు. ముందు రోజే బాపమ్మ ఫ్రీజరులోంచి కత్తి చేపలు తీసి బకెట్లో వేసింది.

"పాపం, వారం వారం తినేటోడు. ఇయ్యాల మీ నాయిన ఉండడు గద," అంది నా వైపు చూడకుండా.

అంతే. అమ్మ ఫోను తీసుకుని కాకకు చేసింది నేనే. "నాన్న రమ్మన్నాడు," అని కూడా చెప్పాను. ఆ అబద్ధం బాపమ్మ చెప్పమనలేదు.

కాక వచ్చాడు. అమ్మ తలుపు గడియ వేసి పళ్ళేలు పెట్టింది. నా పళ్ళెంలో ముళ్ళు లేని కూరిన చేప. నాకు పులుసు కావాలి. ఇంకా చిన్నపిల్లను కాదని, ముళ్ళు తీయడం వచ్చని గొడవ చేస్తే, బాపమ్మ వీపు ముక్క ఒకటి వేసి, "మెల్లగ, మాట్లాడకుంట తిను," అంది. మూడు ముద్దలు బాగానే తిన్నాను. నాలుగో ముద్ద నోట్లో ఉండగా బెల్లు మోగింది. నాన్నే తిరిగొచ్చాడనుకున్నాను. భయంతో నోట్లో ఉన్నదంతా ఒక్కసారిగా మింగేశాను.

వచ్చింది ఎదురింటి ఆంటీ, పెరుగు కోసం. కానీ నాకప్పటికే గొంతులో నిప్పు పెట్టినట్టయింది. వేడి అన్నం ముద్ద మింగించారు, అరటిపండు మింగించారు. ఏది మింగినా ముల్లు ఇంకా లోపలికే దిగింది. ఉమ్ములో నెత్తురు కనపడింది. ఊపిరి తీస్తే కీచుమంటోంది. బాపమ్మ నేల మీద చతికిలపడి, "నేనే ఏసిన, నా చేతులతోనే ఏసిన," అంటోంది. నాన్న ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఆంటీ వాళ్ళాయన కూడా డ్యూటీలోనే. ఆడవాళ్ళు కారు నడపకూడని రోజులవి.

కాక నన్ను రెండు చేతుల్లో ఎత్తుకున్నాడు.

"వదినె, కార్డులు తీస్కొని రాండ్రి."

అమ్మ ఒక్క క్షణం ఆగింది. "తనిఖీలున్నయి కదా," అంది.

"రాండ్రి వదినె," అని అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం, నమాజు వేళ. దుకాణాల షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. రోడ్డు మీద ఒక్క టాక్సీ లేదు. ఎండకు తారు మెత్తబడి కాక చెప్పులకు అంటుకుంటోంది. నన్ను గుండెకు ఆనించుకుని పరుగెత్తుతుంటే అతని గుండె చప్పుడు నా చెవిలోనే కొట్టుకుంది. రెండు వీధులు దాటాక తెల్లటి కారొకటి ఆగింది. నమాజుకు వెళ్తున్న ముసలి సౌదీ ఆయన. చేతిలో జపమాల. నా నోటి చివర నెత్తురు చూసి వెనక తలుపు తెరిచాడు. కార్డులు పట్టుకుని వెనకాలే పరుగెత్తుకొచ్చిన అమ్మ కూడా ఎక్కింది.

దారిలో అరబ్బీలో అడిగాడు, నీ కూతురా అని.

"ఐవా, బింతీ," అన్నాడు కాక. అవును, నా బిడ్డే అని.

ఆస్పత్రి ముందు కూడలిలో పోలీసుల కారు అడ్డంగా నిలబడి ఉంది. పోలీసు కిటికీలోకి వంగి కాక వైపు వేలు చూపి, "ఇకామా," అన్నాడు. కాక జేబు తడుముకున్నాడు, అందులో ఏమీ లేదని తెలిసీ. ముసలాయన స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి గట్టిగా ఏదో అన్నాడు. ముస్తష్ఫా అన్న మాట ఒక్కటే నాకు తెలిసింది, ఆస్పత్రి. పోలీసు నన్ను చూశాడు. నేను ఏడవాలనుకున్నాను, గొంతులోంచి కీచుమన్న చప్పుడే వచ్చింది. అతను పక్కకు జరిగి చెయ్యి ఊపాడు.

సూడాన్ డాక్టరొకాయన నా నోట్లోకి లైటు వేసి, వంకర పట్టకారుతో ముల్లు తీశాడు. వెంట్రుకంత సన్నం, చివర రెండుగా చీలి ఉంది. "ఏం చేప ఇది, సముద్రంలో ఇలాంటిది చూడలేదే," అని ఇంగ్లీషులో అడిగాడు. నాకు మాట రాలేదు.

నాన్న సాయంత్రం షూలు, ప్లాంటు బట్టలతోనే వచ్చాడు. ఒళ్ళంతా గంధకం వాసన. నన్ను ముట్టుకుని చూసి, అమ్మను అడిగి అంతా విన్నాడు. ఆ రోజు కాకను పిలిచింది నేనేనని, అబద్ధం చెప్పింది నేనేనని కాగితం మీద రాసి చూపించాను. నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కాక వసారాలో గోడకానుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ముల్లు తీయగానే వెళ్ళిపోయి ఉండొచ్చు. కానీ డాక్టర్లతో మాట్లాడాలంటే అమ్మకు అరబ్బీ రాదని, గేటు దగ్గర కాపలావాళ్ళు కాగితాలు అడుగుతున్నా అక్కడే ఉండిపోయాడు. తలుపు సందులోంచి చూశాను. నాన్న అతని పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"అన్నం తిన్నవా?" అన్నాడు నాన్న. ఊరి యాసలో. నాన్న నోట ఆ యాస నేను వినడం అదే మొదలు.

"సగం తిన్న సార్. గప్పుడే గిట్లయింది."

"సార్ అనకు. అన్నా అను."

కాక తల ఊపాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. నాన్న అతని భుజం మీద చెయ్యి వేసి, "రేపు షట్‌డౌన్ ఉంటే ఉండనీ, లీవ్ పెడుత. ఇద్దరం పోదాం," అన్నాడు.

ఒక రోజుతో కాలేదు. నాన్న తన కారులోనే కాకను ఎక్కించుకుని నాలుగుసార్లు తిరిగాడు. పాస్‌పోర్టు పోయినవాళ్ళకు మన ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ తెచ్చారు. వేలిముద్రలు, క్యూలు, ఈ కాగితం లేదు ఆ కాగితం లేదు అనడాలు. చివరికి దేశం వదిలి వెళ్ళేందుకు ఎగ్జిట్ ముద్ర పడింది. ఆ రోజు ఇద్దరూ మెట్లెక్కుతూ గొంతెత్తి మాట్లాడుకోవడం పై అంతస్తు దాకా వినపడింది. బాపమ్మ కాక తల మీద రెండు చేతులూ పెట్టి మెటికలు విరిచింది. బంగాలీ భాయ్ కాక కోసం తన దేశపు సబ్బులు, పిల్లకు ఒక గౌను ఇచ్చి పంపాడు. గౌను చిన్నదైపోతుందేమోనని, ఆరేళ్ళ పిల్ల ఎంత ఉంటుందో తెలియక కాక నన్ను నిలబెట్టి నా మీద కొలత చూసి, ఇందులో సగం ఉంటది అనుకున్నాడు.

నెల తిరిగేసరికి మేమూ వచ్చేశాం. నేను, అమ్మ, బాపమ్మ. నాన్న ఫ్లాటు ఖాళీ చేసి, అదే బిల్డింగులో కింద నలుగురు మగవాళ్ళుండే గదిలోకి మారాడు.

మరుసటి వానకాలంలో బాపమ్మను కత్తి చేపలుండే చోటు చూపించమని అడిగాను. కాక బండి మీద ముగ్గురం వెళ్ళాం. కాక ఊళ్ళోనే వెల్డింగు దుకాణం పెట్టుకున్నాడు. మొదటి రెండు నెలలు కూతురు దగ్గరికి రాలేదట, తలుపు చాటునుంచి మామా అని పిలిచేదట. ఇప్పుడు దుకాణం వదలడం లేదని, కంట్లో రవ్వ పడుతుందని చెబితే వినదని దారిపొడుగునా చెప్పాడు.

గంగ ఒడ్డున దిగాక నాకేమీ కనిపించలేదు, నీళ్ళు తప్ప. కింద ఎక్కడో బరాజు కట్టారు. ఆ నీళ్ళు ఇక్కడిదాకా నిలిచాయి. బీడు లేదు, తుంగ లేదు. వాగు ఎక్కడ కలుస్తుందో కూడా తెలియదు. బాపమ్మ చెయ్యి చాచి, "గాడ తుమ్మ చెట్లు. గీడ మడుగు," అంటూ నీళ్ళ మీద ఒక్కో చోటూ చూపించింది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒడ్డున ఒకతను వల బాగుచేసుకుంటున్నాడు.

"తమ్మీ, కత్తి చాపలు వడుతున్నయా?"

"ఏడివి అవ్వా. ఏడాదంత గివే నీళ్ళు, ఎక్కయి దిగయి. గవి గీడ నిలవయి. పైన ఒర్రె మూలకు, పెద్ద వానవడ్డప్పుడు, ఒకటో రెండో."

"ఐతే ఉన్నయి."

"ఉన్నయనుకో."

బాపమ్మ మొహం తేటబడింది. చెప్పులు విప్పి చీలమండలు మునిగేదాకా నీళ్ళలోకి దిగి నిలబడింది. అదే సమయానికి నాన్న ఫోను వచ్చింది. అప్పట్లో వారానికోసారి నేను అడిగే మాట ఒక్కటే ఉండేది, మన బిల్డింగులో ఇంకా ఎవరెవరున్నారని. ఆ వారం ఎదురింటి ఆంటీ వాళ్ళు కూడా వెళ్ళిపోయారన్నాడు. మెట్ల మీద ఇప్పుడు పిల్లలెవరూ లేరన్నాడు.

"అయితే మనవాళ్ళు ఒక్కరూ లేరా?"

"నేనున్న గదనే," అన్నాడు. తర్వాత, "ఏడున్నరు? గాలి చప్పుడు వస్తున్నది," అని అడిగాడు.

గంగ ఒడ్డున అన్నాను. నాన్న బాపమ్మకు ఫోను ఇమ్మన్నాడు.

"నీళ్ళు ఏడిదాక ఉన్నయమ్మా? మన బీడు మొత్తం మునిగిందా?" అని అడగడం నాకు వినపడింది. బాపమ్మ నీళ్ళలో నిలబడే చెప్పడం మొదలుపెట్టింది. తుమ్మ చెట్లున్న చోటు, నాన్న చిన్నప్పుడు బురదలో కూరుకుపోయిన చోటు, గాలం తెగిన చోటు. అటునుంచి నాన్న ఒక్కో చోటూ గుర్తు చేస్తున్నాడు, ఈమె కాదు ఇటు అని దిద్దుతోంది. నేనూ కాకా బండి దగ్గర నిలబడి ఎదురుచూశాం. సన్నగా వాన మొదలైంది. మేం పిలవలేదు. వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం జుబైల్లో ఉన్నన్ని నెలల్లో నేను ఒక్కసారి కూడా వినలేదు.